ఎందుకని అడిగిన అగ్రపీఠాధిపతి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు పెద్దమనుషులందరికీ ఒక హెచ్చరిక. బ్రెజిల్‌లో డొమ్ హెల్డర్ కమరా అని ఒకాయన ఉండేవారు. ఆయన గాలి మీకు సోకకుండా చూసుకోండి.

1964 ఏప్రిల్‌లో, అక్కడ సైన్యం గద్దెనెక్కిన రోజుల్లోనే, ఆయన అక్కడి ఒలిందా-రెసీఫె ప్రాంతానికి కేథలిక్ అగ్రపీఠాధిపతి, అంటే ఆర్చిబిషప్ అయ్యారు. పదవితోపాటు ప్యాలెస్ వచ్చింది. బుద్ధున్నవాడెవడైనా గేటుకి కొత్త రంగేయించి, పేరు పెద్దక్షరాలతో రాయిస్తాడు. ఈయన 1968లో దాన్ని వదిలేసి ఒక చిన్న చర్చి వెనక గదుల్లోకి మారిపోయారు. మెడలో బంగారు సిలువ ఉండాల్సిన చోట చెక్క సిలువ. మన దగ్గర వార్డు మెంబర్ని కలవాలన్నా ముందు ఆయన బావమరిదిని కలవాలి. పదవన్నాక ఆ మాత్రం మర్యాద ఉండొద్దా?

1965లో రోమ్ భూగర్భ సమాధుల్లో నలభై మంది దాకా పీఠాధిపతులు (బిషప్పులు) ఆడంబరాలొద్దు, బిరుదులొద్దు, మా పేర్న బ్యాంకు ఖాతాలొద్దు అని సంతకాలు చేశారు. ఈయనది ఆ బాటే. బిరుదుల్లేకపోతే ఫ్లెక్సీ నిండేదెలాగో ఎవరికీ తట్టినట్టు లేదు.

ఇవన్నీ చాదస్తం అని క్షమించొచ్చు. అసలు నేరం వేరే. పేదలకు అన్నం పెడితే పునీతుడు (సెయింట్) అంటారు, వాళ్లకు అన్నం ఎందుకు లేదని అడిగితే కమ్యూనిస్టంటారు అని ఆయనే అన్నారు. మరి అడగడమెందుకు? మన గంజాం కుర్రాళ్లు సూరత్ మరమగ్గాలకు బయల్దేరితే మనమేం చేస్తాం? స్టేషన్లో మజ్జిగ పాకెట్లు పంచి ఫొటో దిగుతాం. బోగీ తలుపు దగ్గర బ్యాగు మీద కూర్చున్నవాడు ఇంకోటి ఇమ్మంటే, "ఫొటో అయిపోయింది బాబూ, జరుగు" అంటాం. ఊళ్లో పనెందుకు లేదని ఎవరైనా అడిగారా? అడిగితే మనలోనే నలుగురికి టెన్షన్.

బ్రెజిల్ సైనిక సర్కారు కమరా పేరు పత్రికల్లో రాకుండా చేసింది. 1969లో ఆయన దగ్గర పనిచేసే యువ చర్చి గురువు ఆంతోనియో ఎన్రికెను చంపేశారు. అప్పుడైనా ఊరుకున్నారా? మరుసటి ఏడు పారిస్ వెళ్లి మరీ తన దేశపు చిత్రహింసల గురించి మాట్లాడారు. పరువు సంగతి పట్టనే లేదు.

1985లో ఆయన దిగిపోయాక పెద్దలు ఊపిరి పీల్చుకున్నారు. 1989లో చర్చి గురువుల్ని తయారుచేసే ఆయన కాలపు సెమినరీ మూతపడింది. 1999లో ఆయన పోయారు, 2015లో ఆయన్ను పునీతుణ్ని చేసే ప్రక్రియ మొదలైంది. మన ఊళ్లో అయితే ఈపాటికి విగ్రహానికి చందా పుస్తకాలు అచ్చయ్యేవి. మెడలో సిలువకు చెక్క రంగా, బంగారు రంగా అన్న దగ్గర కమిటీ రెండుగా చీలేది.