సవరణ: చిన్న విమానాలు గాలిలో ఎక్కువగా ఢీకొనేది ఎప్పుడు?

కంటిచూపు మీద ఆధారపడి నడిపే చిన్న ప్రైవేటు విమానాలు గాలిలో ఢీకొనే ముప్పు మసక వాతావరణంలో, అదీ ఎదురెదురుగా వచ్చినప్పుడే ఎక్కువని ఇంతకుముందు పోస్టులో రాశాను. అది తప్పు. అమెరికా పౌర విమానయాన నియంత్రణ సంస్థ పైలట్లకిచ్చే సూచనల ప్రకారం, ఇలాంటివి ఎక్కువగా పట్టపగలు, ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు, విమానాశ్రయాల దగ్గరే జరుగుతాయి. చాలాసార్లు వేగంగా వెళ్లే విమానం వెనుక నుంచి వచ్చి నెమ్మదిగా పోయేదాన్ని తగులుతుంది. ల్యాండింగు సమయంలో చిక్కు ఇంకా ఎక్కువ: రెక్కలు కిందివైపున్న విమానం పైన, రెక్కలు పైవైపున్నది దాని కింద ఎగురుతుంటే, ఇద్దరు పైలట్లకూ అవతలిది కనిపించకపోవచ్చు. విమానం ముందు అద్దంలోంచి చూసినప్పుడు పక్కకు కదలకుండా ఒకేచోట పెద్దదవుతూ కనిపించే చుక్కతోనే, అంటే అలా దగ్గరవుతున్న మరో విమానంతోనే, ప్రమాదమని ఆ పోస్టులో రాసిన మాట మాత్రం సరైనదే; దాన్ని మార్చడం లేదు.