మినుముకు పురుగు ఎక్కడ మొదలవుతుంది?

కృష్ణా డెల్టాలో మినుముకు మారుకా మచ్చల పురుగు కనబడిందంటే రైతు ముందు వెళ్లేది మందుల కొట్టుకే. తెనాలి వైపైనా, దివిసీమలోనైనా ఇదే తంతు. నన్నడిగితే ఆ నష్టంలో చాలా భాగం విత్తనం చల్లిన నాడే ఖాయమైపోతుంది. ఆ రోజు రైతు చేతిలో పూర్తిగా లేదన్నదే అసలు చిక్కు.

మొదటిది చల్లే తేదీ. వరి పొలాల్లో వేసే మన మాగాణి మినుము తీరే వేరు. కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలబడి ఉన్న వరిలోనే, ఆ పదును మీద చల్లేస్తారు. దుక్కి లేదు, సాళ్లు లేవు. నవంబరు రెండో పక్షం నుంచి డిసెంబరు ఆఖరులోగా చల్లితే మంచిది. ఇక్కడ ఎక్కువగా వేసే సాంబ మసూరి దాదాపు 150 రోజుల పంట. ప్రకాశం బ్యారేజీ నీళ్లు ఆలస్యమై ఆగస్టు చివర నాట్లు పడ్డాయా, మినుము జనవరి అంచుకు చేరినట్టే. ఎండ ముదిరేకొద్దీ మినుముకు మరో శత్రువైన తెల్లదోమ పెరుగుతుంది. పక్క చేలో ముందే చల్లిన మినుము ఎండుముఖం పడితే అక్కడి దోమ ఈ లేత మొక్కల మీదికి వస్తుంది. అది మోసుకొచ్చే పల్లాకు తెగులుకు, అంటే ఆకులు పసుపుబారే వైరస్ జబ్బుకు, సోకాక మందే లేదు.

రెండోది విత్తన మోతాదు. ఎకరాకు 16 నుంచి 18 కిలోలు చాలు. కోత యంత్రం చక్రాల కింద మొలకలు నలిగిపోతాయని కొందరు ఇంకాస్త చల్లుతారు. భయం న్యాయమైనదే, కానీ చేను గుబురెక్కితే మారుకాకు అంతకన్నా ఏం కావాలి? పూత, పిందెలను గూడుగా అల్లుకుని లోపల తింటూ కూర్చుంటుంది. పైన ఎంత కొట్టినా లోపలికి దిగదు. మొగ్గ దశలోనే లీటరుకు 5 మి.లీ. వేపనూనె కొడితే తల్లి పురుగు గుడ్లు పెట్టడం తగ్గుతుంది. అప్పుడు చేనంతా పచ్చగా ఉంటుంది కాబట్టి ఎవరికీ తొందర ఉండదు.

గూళ్లు కనబడ్డాక కొట్లో రెండు మూడు మందులు కలిపిస్తారు. సింథటిక్ పైరిత్రాయిడ్లనే పురుగుమందులను ఎడాపెడా కొడితే, దోమను తినే అక్షింతల పురుగుల్లాంటివి చచ్చి తెల్లదోమ ఎలా విరుచుకుపడుతుందో 1980ల మధ్యలో గుంటూరు పత్తి రైతు చూశాడు. ఆ పాఠం మినుము చేల దాకా రాలేదు.

గుంటూరు దగ్గరి వ్యవసాయ పరిశోధన కేంద్రం లాం ఫారం ఇచ్చిన ఎల్‌బీజీ 787 మినుము రకం పల్లాకు తెగులును తట్టుకుంటుంది. మారుకాను కాదు. రకం మారిస్తే చాలన్న ధీమా అక్కడే దెబ్బతింటుంది.

నీళ్లు ఆలస్యమైన ఏడు ఒక కాలువ కింద అందరూ తక్కువ కాలం వరి వేసి, మినుము ఒకేసారి చల్లుకుంటే దోమకు చేను తర్వాత చేను దొరకదు. దానికి నీటి విడుదల తేదీ నారుమళ్లకు ముందే తెలియాలి. సాంబ మసూరికి పలికే ధర వదులుకోమంటే కౌలు రైతు వింటాడా అన్నది వేరే ప్రశ్న. వరి కౌలుకే సరిపోయే చోట అతనికి మిగిలేది ఆ మినుమే.