దొంగ బొడ్రాయి కాడికి ఎందుకొస్తడు?
సీసీ కెమెరాలు పెట్టినంక ఊళ్లల్ల దొంగతనాలు బంద్ అయినయ్ అని కొందరు రాస్తున్నరు గానీ అది సగమే నిజం. జనం చందాలతోని కెమెరాలు పెట్టించే పోలీసోళ్ల ‘నేను సైతం’ కింద మా ఊళ్లె గూడ ఇంటికింత చందాలేసుకుని ఊరి నడుమ బొడ్రాయి కాడ, బస్టాండ్ కాడ, బడి కాడ కలిపి 8 పెట్టించినం, ఏడాది మంచిగనే నడిచినయ్, తర్వాత కోతులు వైర్లు పీకినయ్, రిపేరు పైసలు ఎవరియ్యాలె అని లొల్లి, ఇప్పుడు 3 పనిచేస్తున్నయేమో. అయినా దొంగ ఊరి నడుమకు ఎందుకొస్తడు? పోయిన ఎండాకాలం మా బావి కాడ ట్రాన్స్‌ఫార్మర్ దించి, ఆయిల్ పారబోసి, లోపలి కాపర్ తీగ ఎత్తుకపోయిన్రు, పొద్దుగాల పోయి చూస్తే ఉత్త డబ్బా, చుట్టూ నల్లటి మడుగు, వరేమో పొట్ట మీదుంది. వెనకట మస్కూరి, కావలికారు అని రాత్రి ఒక చుట్టు తిరిగెటోళ్లు, కొత్తోడు కనిపిస్తే ఎవలింటికి అని అడిగెటోళ్లు. తర్వాత వాళ్లనే వీఆర్‌ఏలు (గ్రామ రెవెన్యూ సహాయకులు) అన్నరు, తెలంగాణల వాళ్లను గూడ 2023ల వేరే శాఖలల్ల సర్దిన్రు. ఇగ పంచాయతీ గోడ మీద మా ఊరి పోలీసాయన నంబర్ రాసి ఉంటది, ట్రాన్స్‌ఫార్మర్ పోయిన రోజు ఫోన్ చేస్తే నేను బదిలీ అయి ఏడాదైంది అన్నడు.