బంగారం రోడ్డు మీద, చక్రానికి తాళం

నా కారు చక్రాలను ఇంతవరకు ఏ దొంగా ఎత్తుకుపోలేదు. ఈ ఘనకార్యాన్ని ముందుగా పాఠకులకు సవినయంగా మనవి చేసుకుంటున్నాను. నేను కూడా వాటిని ఊడదీయలేకపోయానన్నది తర్వాతి ముచ్చట.

కారు సెకండ్ హ్యాండ్. హనుమకొండలో కొన్నాను. "డాక్టర్ మేడం బండి సార్, ఇంటికి దవాఖానకు తప్ప తిరగలే" అన్నాడు అమ్మినాయన. అమ్మకానికొచ్చే పాత కార్లన్నీ డాక్టర్లవే. ఉన్న కార్లన్నీ అమ్ముకుని వాళ్లు ఇప్పుడు ఎడ్లబండ్ల మీద డ్యూటీకి పోతున్నారేమో, ఎవరూ విచారించరు. ఆర్‌సీ ఇచ్చాడు, ఇన్సూరెన్స్ కాగితాలిచ్చాడు, రెండు తాళం చెవులిచ్చాడు, డ్యాష్‌బోర్డు మీది వినాయకుణ్ణి ఉచితంగా వదిలేశాడు. చివర్లో గొంతు తగ్గించి, "అలాయ్ చక్రాలకు లాక్ నట్లు గూడ ఉన్నయి సార్, ఎవ్వడు ముట్టలేడు" అన్నాడు. అంటే ఒక్కో చక్రానికున్న నాలుగు నట్లలో ఒకటి మామూలు పానాకు లొంగదు. తల మీద పువ్వులాంటి గాడి, ఆ గాడిలో కూర్చునే చిన్న చాబీ. ఎవ్వడూ అన్న మాటలో నేను కూడా వస్తానని అప్పుడు తట్టలేదు.

అమ్మ మొక్కు తీర్చడానికి మేడారం బయల్దేరాం. జాతర రోజులు కావు, రోడ్డు ఖాళీ. మొక్కు నిలువెత్తు బంగారం. మన దగ్గర బంగారమంటే బెల్లమే కదా. అమ్మ బరువు 60 కిలోలు, అంత బంగారమూ డిక్కీలో. గట్టమ్మ దగ్గర ఆగి కొబ్బరికాయ కొట్టాం. ములుగు దాటి, ఇంకా గోవిందరావుపేట చేరలేదు, ఎడమ వెనక టైరు పంక్చరైంది.

స్టెపినీ డిక్కీ అడుగున ఉంటుంది. కాబట్టి ముందు బంగారం దిగాలి. దించాను. చెట్ల మీంచి కోతులు కూడా దిగాయి. అమ్మ కట్టె పట్టుకుని కాపలా కూర్చుంది. ఈ దేశంలో భద్రతా ఏర్పాట్లు ఎంత పకడ్బందీగా ఉన్నాయో గమనించండి: కోతులు కళ్లెదుటే ఎత్తుకుపోతున్న బంగారానికి తాళం లేదు, ఏ కోతికీ అక్కర్లేని చక్రానికి ఉంది.

చాబీ గ్లవ్ బాక్సులో ఓ చినిగిన కవర్లో దొరికింది. ఆ సంతోషం నిమిషం కూడా నిలవలేదు. దాని పళ్లన్నీ అరిగి పండు ముసలి నోరులా ఉంది. ఎవడో దాన్ని షెడ్డుల్లో నట్లు తిప్పే గన్‌కు తగిలించి దడదడలాడించాడు. నట్టు మీద పెట్టి తిప్పాను. గిర్రున తిరిగింది, చాబీ మాత్రమే.

పంక్చర్ షాపతనికి ఫోన్ చేస్తే ఇద్దర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. దారిన పోయే ట్రాక్టరు ఆగింది. ట్రాక్టరెందుకు ఆగిందో చూడ్డానికి రెండు మోటర్ సైకిళ్లు ఆగాయి. పది నిమిషాల్లో నా చక్రం చుట్టూ గ్రామసభ. ఒకాయన డీజిల్ పోయమన్నాడు. ఒకాయన నట్టును కాల్చమన్నాడు. ముందు డీజిల్ పోసి తర్వాత కాల్చాలా అన్నది కాసేపు చర్చకు వచ్చింది. జాకీ ఎత్తకముందే మామూలు నట్లు వదులు చేద్దామని పానా పెట్టి ఒక కుర్రాడు దాని మీదెక్కి నిలబడ్డాడు. నట్టు కదల్లేదు. ఎగిరాడు. కారు ఊగింది. ఇంకొకడు వాడి భుజాలు పట్టుకుని కిందికి నొక్కాడు. "గిది మనిషి బిగించింది కాదన్నా, గన్ను" అని తీర్పు చెప్పాడు పంక్చరాయన.

చిన్న కారు చక్రం నట్టును సుమారు 100 న్యూటన్ మీటర్లకు బిగించాలి. కారుతో వచ్చే పుస్తకంలో రాసి ఉంటుంది, దాన్ని ప్లాస్టిక్ కవరు లోంచి తీసిన వాడు లేడు. పావు మీటరు పానా కొసన 40 కిలోలు మోపితే చాలు, అంటే అమ్మ బంగారంలో మూడింట రెండు వంతులు. పెద్ద గన్లకు 600 న్యూటన్ మీటర్లు కూడా లెక్కలోది కాదు. స్టడ్ అంటే నట్టు ఎక్కే మర కడ్డీ, చక్రం వెనకాలి హబ్‌లోంచి పొడుచుకొస్తుంది. అది కాస్త సాగి, ఆ సాగుడు బలంతోనే చక్రాన్ని పట్టుకుంటుంది. హద్దు మీరి లాగితే సాగిపోయిన లాగు ఎలాస్టిక్‌లా అయిపోతుంది, మళ్లీ బిగుసుకోదు. ఈ మాట షెడ్డులో చెప్పి చూడండి. "సార్, టైటుంటెనే సేఫ్" అంటారు.

ఇంతలో ఒక నట్టు చేత్తోనే ఊడొచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

నట్టు కింద స్టడ్ లేదు. విరిగిన మొండెం, దాని మీద ఎంసీల్ ముద్ద, ఆ ముద్ద మీద అతికించిన నట్టు. అంతే.

చప్పట్లు ఆగిపోయాయి. గన్ ఎక్కువ లాగిందా, తప్పు జరుగుతుంది. మర పట్టకుండా వంకరగా ఎక్కించి స్టడ్ తెంపాడా, చేతగాని వాడు. కానీ ఈ పని చేసిన మెకానిక్ కూర్చుని ఎంసీల్ పిసికాడు. వేళ్లు తడుపుకుని నున్నగా దిద్దాడు. నట్టు నిటారుగా ఉందో లేదో చూసుకున్నాడు. బిల్లు తీసుకుంటున్నప్పుడు కూడా వాడికి తెలుసు. కొత్త స్టడ్ ధర ప్లేటు బిర్యానీ కంటే తక్కువ. హబ్ వెనక్కి పాతదాన్ని సుత్తెతో దిగ్గొట్టి, కొత్తదాన్ని నట్టుతో లాగి కూర్చోబెడితే పని అయిపోయేది. "విరిగింది సార్" అన్న రెండు మాటలు అనడానికి వాడి నోటికే తాళం పడిందా? ఆ చక్రం మీద ఎవరి తల్లి కూర్చుంటుందో, ఎవరి పిల్లలు కూర్చుంటారో వాడికి అక్కర్లేదు. మా అమ్మ కూర్చున్నది సరిగ్గా దాని మీదే. సిగ్గులేని వెధవ. ఇంతకంటే మర్యాదైన మాట వెతికాను, దొరకలేదు.

లాక్ నట్టు మీదికి కొంచెం చిన్న సాకెట్‌ను సుత్తెతో దిగ్గొట్టి, పానాకు నీళ్ల పైపు తొడిగి లాగితే వచ్చింది. స్టడ్‌ను వెంటబెట్టుకుని వచ్చింది. మిగిలినవి రెండు స్టడ్లు, రెండింటి మీద కారు నడవదు. అమ్మా, కోతులు వదిలేసిన బంగారమూ ఆటోలో మేడారం వెళ్లారు. నేనూ, కారూ టోయింగ్ బండి మీద హనుమకొండ వచ్చాం.

కొత్త స్టడ్లు పడ్డాయి. బిగించడానికి కుర్రాడు గన్ ఎత్తగానే నేను అడ్డం పడి టార్క్ రెంచ్ అందించాను, పెట్టుకున్నంత బిగువు రాగానే 'టిక్' అనే పానా. ఒకదాని తర్వాత ఎదురుది, ఎదురుదాని తర్వాత పక్కది, 'టిక్' అనగానే ఆపమన్నాను. పాపం, సారుకు చేతుల బలం లేదనుకుని జాలిగా చూశాడు. 50 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూపిస్తానంటే మరీ జాలిపడ్డాడు.

మిగతా మూడు లాకుల్లో రెండు అదే రోజు ఊడాయి. కుడి ముందు చక్రానిది మాత్రం ఇంకా అక్కడే ఉంది. అది వచ్చేదాకా బండి తీయను. అనుభవమున్న దొంగలెవరైనా ఉంటే రాత్రి పది దాటాక మా ఇంటికి రావచ్చు. గేటు తీసే ఉంటుంది, చాయ్ పోయిస్తాను, పైపు కూడా నా దగ్గరే ఉంది.