కరెంటు పోతే సూర్యుడూ పోతాడు

మా ఊరి మునిసిపల్ ఆఫీసు మిద్దె మీద 20 కిలోవాట్ల సోలార్ ప్లాంటు ఉంది. దాన్ని చూసి నవ్వేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. బాధ్యత గల పౌరుడిగా ఆ ప్లాంటు తరఫున వకాల్తా పుచ్చుకుంటున్నాను.

మొదటి ఆరోపణ ఏమిటంటే, మిట్టమధ్యాహ్నం ఎండ మాడ్చేస్తున్నా, కరెంటు పోగానే సోలారూ ఆగిపోతుందని. ఆగక ఏం చేస్తుంది? బ్యాటరీ లేని ప్లాంటు బయటి కరెంటు లైన్ల గ్రిడ్ చెయ్యి పట్టుకునే నడుస్తుంది. గ్రిడ్ పోయిన మరుక్షణం, ప్యానెళ్ల కరెంటును మనం వాడే కరెంటుగా మార్చే ఇన్వర్టర్ డబ్బా తనంతట తానే ఆఫ్ అవుతుంది. లేకపోతే లైన్లో కరెంటు లేదనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు మన మిద్దె మీది కరెంటు తగులుతుంది. ఆఫీసు మొత్తంలో లైన్‌మన్ ప్రాణం గురించి ఆలోచించేది ఆ డబ్బా ఒక్కటే. దానికీ వంక పెడితే ఎలా?

పైగా అది సిసలైన ప్రభుత్వోద్యోగి. పదింటికి ఊపందుకుంటుంది, నాలుగయ్యేసరికి సర్దుకోవడం మొదలుపెడుతుంది. పక్క సెక్షన్ పెన్‌డౌన్ అంటే తనూ పెన్‌డౌన్.

ఎండ ముదిరితే నీరసిస్తుందట! ప్యానెల్‌కు రేటింగ్ ఇచ్చేది దాని సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు. ఆపైన డిగ్రీకి ఉత్పత్తి 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. మే నెలలో మా మిద్దె మీద ప్యానెల్ 60 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి మనమైతే మెడికల్ లీవు పెడతాం. అది పదీ పన్నెండు శాతం తగ్గించి, డ్యూటీ మాత్రం చేస్తోంది.

మొన్న ఒక నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీని పిట్టగోడకు కట్టారు. నీడ పడింది రెండు ప్యానెళ్ల మీదే కానీ, ఆ వరుస మొత్తం డీలా పడింది, కాడిలో ఒక ఎద్దు కూలబడ్డట్టు. ఫ్లెక్సీ విప్పమని అడగొచ్చు కదా అంటారా? మీరే వెళ్లి అడగండి.

ఇక బ్యాటరీ. దాని ఫైలు రెండేళ్లు తిరిగింది. జనరేటర్ ఉండగా బ్యాటరీ ఎందుకన్నది ప్రశ్న. న్యాయమైనదే. డీజిల్‌కు ఇండెంట్ ఉంటుంది, లాగ్‌బుక్ ఉంటుంది, బిల్లు ఉంటుంది. బిల్లు ఉన్నచోట నలుగురికీ కాస్త ఆసక్తి ఉంటుంది. ఎండకు వోచర్ ఎవరిస్తారు? ఏ పద్దు కింద రాయాలి?

మా బజారులో బట్టల షాపాయన ఇవేవీ ఆలోచించలేదు. పది కిలోవాట్లు దాటిన వ్యాపార, పరిశ్రమల కనెక్షన్లకు పగలు ఎండ గంటల్లో రేటు తక్కువ, సాయంత్రం వాడకం ఎక్కువుండే పీక్‌లో ఎక్కువ ఉండాలని 2023లో కేంద్రం రూల్స్ మార్చింది. అది చదివి ఆయన లిథియం బ్యాటరీ పెట్టేశాడు. మధ్యాహ్నం నింపుతాడు, పట్టుచీరల మీద లైట్లు వెలిగే వేళ వాడతాడు. సొంత డబ్బు కదా, అంత తొందర.

చివరికి మా ఆఫీసుకూ బ్యాటరీ వచ్చింది. కరెంటు పోయినా ఇన్వర్టర్‌కు ఇప్పుడు తోడు ఉంది. అయితే బ్యాటరీ అన్నింటినీ మోయలేదు. అందుకని అత్యవసర లోడ్లేవో తేల్చడానికి మీటింగు పెట్టారు. మొదటి జాబితాలో జనన మరణ ధ్రువపత్రాల కౌంటరు, సర్వర్ గది ఉన్నాయి. మీటింగు ముగిసేసరికి చాంబర్ ఏసీ, చాంబర్ టీవీ, చాంబర్ బయట ఎర్రలైటు మిగిలాయి.

పోయిన వారం మా బాబాయి మరణ ధ్రువపత్రం కోసం వెళ్లాను. కౌంటరు ముందు పాతికమంది. కరెంటు పోయింది. చాంబర్లో ఏసీ చల్లగా మూలుగుతోంది.

"కరెంటు వచ్చేదాకా ఇక్కడ ఉక్కపోతలో ఎందుకు సార్, పైకెళ్లండి" అన్నాడు అటెండర్.

వెళ్లాను. ప్యానెళ్ల కింద నీడ బాగుంది.