ఉంగరం చాలదు, ఊరు కావాలి

‘అబ్సల్యూట్ గ్రీన్ లాంటర్న్’ అనే కామిక్ సిరీస్ పేరెత్తితే చాలు, హైదరాబాద్ కామిక్స్ అభిమానుల్లో సగం మంది మొహం చిట్లిస్తున్నారు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల దగ్గరైనా, మాదాపూర్ ఆఫీసు క్యాంటీన్లలోనైనా, కామిక్ కాన్ క్యూలోనైనా ఫిర్యాదు ఒకటే. “స్పేస్ ఏదన్నా? అందరు ఊర్లనే తిరుగుతున్నరు!” నక్షత్రాల మధ్య ఎగరాల్సిన హీరో కథను తెచ్చి ఎవర్‌గ్రీన్ అనే ఓ చిన్న అమెరికన్ ఊళ్లో పడేశారన్నది వాళ్ల బాధ. విశ్వానికి కాపలా కాసే లాంటర్న్ దళం లేదు, దాని స్థావరమైన ఓవా గ్రహం లేదు, వేల నౌకలు ఢీకొట్టుకునే యుద్ధం అసలే లేదు. సూటిగా చెప్పేస్తాను. వాళ్లు లోపమంటున్నదే ఈ సిరీస్‌కు ప్రాణం. గ్రీన్ లాంటర్న్ కథలకు చాలా ఏళ్లుగా పట్టిన జబ్బుకి రచయిత అల్ యూయింగ్ వేసిన మందు ఇది. చేదుగా ఉందని ఉమ్మేస్తే ఎలా?

అమెరికన్ కామిక్స్ కంపెనీ డీసీ వాళ్లు తమ పాత హీరోల కథలను కొత్తగా చెప్పే ఈ అబ్సల్యూట్ వరసను 2024 అక్టోబర్‌లో బ్యాట్‌మన్‌తో మొదలుపెట్టిన సంగతి ఇది చదివేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. బ్యాట్‌మన్ దగ్గర డబ్బు తీసేశారు, వండర్ ఉమన్‌కు పుట్టింటి దీవి లేకుండా చేశారు. 2025 ఏప్రిల్‌లో గ్రీన్ లాంటర్న్ వంతు వచ్చేసరికి దళాన్నే లేపేశారు. కథ యూయింగ్‌ది, బొమ్మలు జానోయ్ లిండ్సే గీశారు.

జబ్బేమిటో చెప్పాలంటే ఉంగరం దగ్గర మొదలెట్టాలి. పెట్టుకున్నవాడు తలచుకున్నదల్లా ఆకుపచ్చ వెలుగుతో తయారుచేసే ఉంగరం అది. సుత్తి కావాలంటే సుత్తి, విమానం కావాలంటే విమానం. ఏదైనా చేయగలవాడికి కష్టం ఎక్కణ్నుంచి తెస్తాం? 1959లో రచయిత జాన్ బ్రూమ్, చిత్రకారుడు గిల్ కేన్ హాల్ జోర్డన్ అనే గ్రీన్ లాంటర్న్‌ను తెచ్చినప్పుడు ఈ చిక్కు వాళ్లకు తెలుసు. అందుకే రెండు కట్టుబాట్లు పెట్టారు. ఉంగరానికి ఇరవై నాలుగు గంటలకోసారి ఛార్జింగ్ పెట్టాలి. పసుపు రంగు వస్తువు మీద అది పనిచేయదు. ఇప్పుడు పసుపు సంగతి చెబితే కుర్రాళ్లు పడీపడీ నవ్వుతారు. నవ్వండి, కానీ ఆ పిచ్చి నియమం వల్లే తలుపుకు పసుపు రంగు పూసి ఉంటే చాలు, హీరో బుర్రకు పని పడేది.

2004లో రచయిత జెఫ్ జాన్స్ వచ్చి, పసుపంటే భయం అని కొత్త అర్థం చెప్పాడు. ఆ ఆలోచనకు దండం పెట్టాల్సిందే. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. భయానికో రంగు, కోపానికో రంగు, దురాశకో రంగు అంటూ ఏడు రంగులకు ఏడు దళాలు దిగాయి. 2007లో హాల్ పాత శత్రువు సినెస్ట్రో సైన్యం, 2009కల్లా చచ్చినవాళ్లు లేచి రావడం. చచ్చినవాళ్లనే లేపాక ఇంక ఏం చూపిస్తారు? మరింత పెద్ద చీకటి, మరింత పాత దేవుడు, మరింత పెద్ద పేలుడు. విశ్వం అంతం అయిపోతోందని ఏడాదికోసారి చెబితే ఎవడికి మాత్రం టెన్షన్ పుడుతుంది?

గ్రీన్ లాంటర్న్ కథల చరిత్రలో అన్నిటికన్నా గొప్ప ఘట్టం ఏదని అడగండి. పాత పాఠకులు చెప్పేది అంతరిక్షంలో జరిగింది కాదు, ఒక మేడ మీద జరిగింది. 1970 నాటి 76వ సంచిక, డెన్నీ ఓనీల్ రచన, నీల్ ఆడమ్స్ బొమ్మలు. వీధిలో ఒక సూటువాలా మీద కుర్రాడు చెయ్యి చేసుకుంటుంటే హాల్ జోర్డన్ గాల్లోంచి దిగి ఆపుతాడు. పైనున్న జనం చప్పట్లు కొట్టకపోగా, చెత్త తీసుకుని అతని మీదే విసురుతారు. సంగతేమిటంటే ఆ సూటువాలా ఆ ఇళ్ల యజమాని, అద్దెకున్న పేదవాళ్లను వెళ్లగొట్టబోతున్నాడు. స్నేహితుడు గ్రీన్ యారో హాల్‌ను ఆ పాడుబడిన భవంతిలోకి తీసుకెళ్లి ఒక్కో గదీ చూపిస్తాడు. మేడ మీద ఒక నల్లజాతి ముసలాయన ఎదురుపడతాడు. ఎక్కడో గ్రహాల మీద నీలం రంగువాళ్లకు సాయపడ్డావట, నారింజ రంగువాళ్లకు సాయపడ్డావట, మరి నల్లగా ఉన్న మమ్మల్నెందుకు పట్టించుకోలేదని నిలదీస్తాడు. హాల్ తల దించుకుంటాడు. విశ్వంలోకెల్లా శక్తిమంతమైన ఆయుధం వేలికి ఉండి కూడా ఆ బొమ్మలో అతని దగ్గర జవాబు లేదు. ఈ ఒక్క పేజీ ముందు ఏ నౌకల యుద్ధమూ నిలవదని పందెం కాస్తాను.

ఆ తరవాత 1972లో సిరీస్ ఆగిపోయింది కదా అని ఎత్తిపొడుస్తారు. ఆగింది, నిజమే. కానీ జాన్ స్టువర్ట్ అనే లాంటర్న్ పుట్టింది ఆ కొద్ది సంచికల్లోనే. 1971 నుంచి ఇవాళ్టిదాకా అతను లేకుండా ఈ కథ నడవడం లేదు.

అవతలి పక్షం వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు. విశ్వాన్ని 3600 సెక్టార్లుగా పంచుకుని, ఉడుత లాంటి జీవి దగ్గర్నుంచి ఏకంగా ఒక గ్రహం దాకా అందరూ ఒకే ప్రమాణం చేసి కాపలా కాస్తారన్న ఊహ అందమైనదే. అది తీసేస్తే మిగిలేది ఇంకో మామూలు సూపర్‌హీరో అని వాళ్లంటారు. 2007 సినెస్ట్రో యుద్ధం చదువుతూ నిద్ర మానుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. అయితే ఒకటి గమనించండి. ఆ గ్రహం లాంటర్న్ మోగోని అలన్ మూర్, డేవ్ గిబ్బన్స్ 1985లో పరిచయం చేసింది కొద్ది పేజీల కథలో. మోగోను చంపుతానని బయల్దేరిన ఒక గర్విష్ఠి నేలంతా గాలించి, తాను నిలబడ్డ నేలే మోగో అని తెలిసి పరుగందుకుంటాడు. ఒక పొగరుబోతు, ఒక వెతుకులాట, ఒక భయం. అంతే. అంతరిక్షం కథలో కూడా మనసుకు పట్టుకునేది చిన్నదే.

యూయింగ్ చేస్తున్నది ఇదే. అతని కథలో ఉంగరం హాల్‌ది కాదు. హాల్ చేతికి అంటుకున్నది నల్లటి శక్తి. అది మనుషుల ప్రాణాలు తీస్తుంటే అతనే వణికిపోతున్నాడు. పచ్చ వెలుగు దక్కింది జో ములెయిన్ అనే ఆమెకు. ఈ జో ఎవరో తెలియనివాళ్లు ఎన్.కె. జెమిసిన్ రాసిన ‘ఫార్ సెక్టార్’ చదవాలి. పన్నెండు సంచికలు, 2022లో సైన్స్ ఫిక్షన్‌కిచ్చే హ్యూగో అవార్డు. అదీ ఒక్క నగరం కథే! రెండు వేల కోట్ల జనాభా ఉన్న నగరంలో ఒక హత్య. కొత్త సిరీస్‌లో ఆకాశం తనే దిగి ఊరి మీద కూర్చుంది. పైనుంచి వచ్చినవాడు మనల్ని రక్షించడానికి వచ్చాడో, తీర్పు చెప్పడానికి వచ్చాడో ఎవరికీ అంతుబట్టదు. పచ్చ గోడ ఊరిని మూసేస్తే లోపల చిక్కుకున్నవాళ్లకు పేర్లున్నాయి, పాత గొడవలున్నాయి. అందుకే భయం వేస్తుంది. కాలం ముందుకీ వెనక్కీ గెంతడం వల్ల నెలకో సంచిక చదివేవాడికి తికమక అన్నది ఒప్పుకుంటాను. వెనక సంచిక తిరగేసుకోండి, ఏం పోయింది?

ఇక్కడ కాస్త పక్కదారి పడతాను. అసలు నా కడుపుమంట అక్కడుంది. ఈ సిరీస్ మీద మనవాళ్ల ఫిర్యాదును కాస్త గీకి చూస్తే అడుగున కనపడేది స్పేస్ కాదు, ఎలివేషన్. “ఒక్క ఎలివేషన్ లేదన్నా” అన్న మాట ఈ మధ్య నేను సినిమాల గురించి కన్నా కామిక్స్ గురించే ఎక్కువ వింటున్నాను. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో కాగితాలు ఎగరేసే అలవాటును పుస్తకాల్లోకి కూడా మోసుకొచ్చాం. హీరో రాకముందే అరడజను మంది అతనెంత డేంజరో చెప్పాలి. తరవాత బూటు, చెయ్యి, మెడ, చివరికి మొహం. పది నిమిషాలకు మళ్లీ అదే తంతు. ఇంతకీ అతను ఏ ఊరి కోసం కొట్టాడో బండి స్టాండ్ తీసేసరికే గుర్తుండదు.

మనం ఎప్పుడూ ఇలాగే లేం. 1957 నాటి ‘మాయాబజార్’ చూడండి. కృష్ణుడున్నాడు, ఘటోత్కచుడున్నాడు, తలచుకుంటే ఊరికి ఊరే సృష్టించే రాక్షస గణముంది. అంత శక్తినీ వాడింది దేనికి? ఒక ఆడపిల్ల పెళ్లి తను కోరుకున్నవాడితో జరిపించడానికి. కురుక్షేత్రం లేదు, పాండవులైతే తెర మీదకే రారు. పీటల మీద మాయా శశిరేఖ లక్ష్మణకుమారుడి కాలు తొక్కుతుంటే ఇప్పటికీ ఇంటిల్లిపాదీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతాం. ఉంగరమే కావాలంటే 1990లో వచ్చిన ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ ఉంది. ఇంద్రుడి కూతురి ఉంగరం ఒక గైడు చేతికి దొరుకుతుంది. అతను హిమాలయాలెక్కింది లోకాన్ని కాపాడదామని కాదు, ఓ చిన్నపిల్ల కాలు బాగుచేయడానికి. ఇలాంటి కథలు తాగి పెరిగినవాళ్లం ఎవర్‌గ్రీన్ చిన్న ఊరని మూతి ముడుస్తున్నాం!

డబ్బు సంగతి మాత్రం వేరు. ఒక్కో సంచిక దాదాపు 5 డాలర్లు. పట్టుమని పాతిక పేజీలుండని పుస్తకానికి మన లెక్కలో నాలుగొందలు దాటుతుంది. అంత పోసి కొన్నవాడు ఒక్క యుద్ధమైనా చూపించమని అడిగితే అత్యాశ అనలేను. అలాంటివాళ్లకు జెరెమీ ఆడమ్స్ 2023లో మొదలుపెట్టిన మామూలు గ్రీన్ లాంటర్న్ ఉంది. దళం ఉంది, యుద్ధాలున్నాయి, సినెస్ట్రో ఉన్నాడు. తమాషా ఏమిటంటే అదీ హాల్‌ను భూమ్మీదకు దించి, ఉద్యోగం వెతుక్కునేలా చేసి మొదలుపెట్టారు. నన్నడిగితే ఆ తొలి సంచికలే దాంట్లో మేలు. రెండూ కొనే స్తోమత ఉంటే రెండూ కొనుక్కోండి. ఒక్కటే కొనగలిగితే జో ములెయిన్‌ది కొనండి. పైనున్నవాడు తీర్పు చెప్పడానికొచ్చాడా, కాపాడడానికా అన్నది తేలేదాకా నేనైతే ఒక్క సంచికా వదలను.