దిష్టి తగిలిన వాల్వు

గుంటూరు బ్రాడీపేటలో, పురిటికొచ్చిన పిల్ల ఉన్న ఇంట్లో బ్రెస్ట్ పంపు ఉమ్మడి ఆస్తి. పిండుకునేది ఒక్కతే, సీసా మీద గీతలు లెక్కపెట్టేది నలుగురు. బిడ్డకు ఐదో నెల, ఇంకో నెలలో తల్లి ఉద్యోగంలో చేరాలి, ఈలోగా పాలు దాచడం అలవాటు కావాలి. నిన్న 70 మిల్లీలీటర్లు వచ్చాయి. ఇవాళ 10. ఇంకేముంది, పంచాయితీ.

"వెల్లుల్లి కారం ముద్ద పక్కకి నెట్టేస్తే పాలెక్కణ్ణుంచొస్తాయే?" అని పిల్ల వాళ్ళమ్మ. పాలసొర తెప్పించి పుట్టు చేసి పెట్టమని పక్కింటి పిన్నిగారు. ఓల్టేజీ చాలట్లేదు, స్టెబిలైజరు కావాలని వాళ్ళ నాన్న. ఆ పంపు నడిచేది బ్యాటరీ మీద. విజయవాడ నుంచి అల్లుడిగారు ఫోన్లో, "స్పీడు తొమ్మిదిలో పెట్టమనండి అత్తయ్యగారూ!" అమ్మమ్మకు మాత్రం సందేహమే లేదు, దిష్టి. గుంటూర్లో మిరపకాయలకు కొదవా? ఏడు ఎండుమిరపకాయలు, గుప్పెడు రాళ్ళుప్పు తిప్పి నిప్పుల్లో పడేస్తే వీధి చివర కిళ్ళీకొట్టాయన దాకా తుమ్మారు. పాలు మాత్రం పది దగ్గర్నుంచి కదల్లేదు.

దిష్టి తగిలిన మాట నిజమే. తగిలింది వాల్వుకి.

రొమ్ముకు ఆనించే గరాటు కింద, సీసా మూతి దగ్గర, బాతు ముక్కులా ఉండే మెత్తటి సిలికాన్ ముక్క ఒకటుంటుంది. మోటారు లాగినప్పుడు దాని నోరు గట్టిగా మూసుకోవాలి. అప్పుడే గాలి బయటి నుంచి చొరబడక లాగుడు రొమ్ము మీద పడుతుంది. వదిలిన క్షణంలో నోరు తెరుచుకుని పాలు సీసాలోకి జారతాయి. సన్నటి చీలికే దాని ప్రాణం. 70 వచ్చిన రోజు తోముతూ తోముతూ అమ్మమ్మ దాన్ని చూసింది. "పాపం, నోరు పూడుకుపోయిందే తల్లీ, ఇలాగైతే పాలెలా దిగుతాయి? పిన్నీసుతో విప్పా." పుణ్యానికి పోయిన పని. చీలిక పక్కకు సాగింది, మోటారు బర్రుమని అరుస్తోంది, లాగుడు లేదు. గరాటును అరచేతికి బిగించి ఆన్ చేస్తే చెయ్యి పట్టుకోకపోవడంతోనే తేలిపోయే సంగతి. వాల్వును వెలుతురుకు పట్టి చూసినా సందు కనపడేది. పిన్నీసు పొడవకపోయినా రోజుకు నాలుగైదుసార్లు వాడితే నెలా రెండు నెలల్లో అది వదులైపోతుంది, మార్చాల్సిందే.

స్పేరు వాల్వు అసలు పెట్టెలోనే వచ్చింది. ఆ పెట్టె విజయవాడ గవర్నరుపేటలో అటక మీద ఉంది, వారంటీ కార్డు నలక్కుండా అల్లుడిగారు భద్రం చేశారు. మర్నాడు నాన్‌స్టాప్ బస్సులో మోసుకొచ్చారు. బిగించారు. పాతిక దగ్గర ఆగింది.

ఈసారి తప్పు గరాటుది. పెట్టెలో చాలావరకు సొరంగం 24 మిల్లీమీటర్ల వెడల్పున్నదే ఇస్తారు, అందరికీ అదే సరిపోతుందన్నట్టు. జామెట్రీ బాక్సులో స్కేలు తీసి, పిండుకోకముందు, చనుమొన మొదట్లో వెడల్పు ఒక్కటే కొలవాలి, చుట్టూ ఉన్న నల్లటి వలయం లెక్కలోకి రాదు. ఈ పిల్లకు 16 వచ్చింది. దానికి 1 నుంచి 3 మిల్లీమీటర్లు కలుపుకుంటే చాలు. 24లో పెడితే వలయమంతా సొరంగంలోకి లాక్కుపోయి వాస్తుంది, పాలు రావు. మరీ ఇరుకైతే మొన గోడలకు రాసుకుని ఒరుస్తుంది. గరాటు మార్చక్కర్లేదు, లోపల దూర్చే సిలికాన్ ఇన్సర్టులు విడిగా దొరుకుతాయి.

ఇక అల్లుడిగారి తొమ్మిదో నంబరు. నొప్పెడితే ఒళ్ళు బిగుసుకుని ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదల తగ్గుతుంది, అది లేనిదే పాలు చేపవు. ముందు గోరువెచ్చటి గుడ్డ కాపడం, వేళ్ళతో మెల్లగా నిమరడం. తర్వాత వేగంగా, తేలిగ్గా లాగే మోడు ఒకటి రెండు నిమిషాలు. చేపుకురాగానే నెమ్మదిగా, లోతుగా లాగే మోడుకి మారాలి. నొప్పి తెలియని పై మెట్టు దగ్గర ఆపేయాలి. రొమ్ములో గట్టిపడిన చోట ఒక చేత్తో నొక్కుతూ ఉంటే ఇంకాస్త దిగుతుంది. మొత్తం 15 నుంచి 20 నిమిషాలు, ధార ఆగాక రెండు నిమిషాలు, ఆపైన చేత్తో పిండితే మరి కాసిని.

వీటన్నిటికన్నా కష్టం, ప్రేక్షకుల్ని గదిలోంచి పంపడం. "వచ్చాయా? ఎంతొచ్చాయి?" అని నిమిషానికోసారి అడిగితే చేపినవి కూడా వెనక్కి పోతాయి. సీసాకు బిడ్డ టోపీ తొడిగేస్తే గీతల గొడవే ఉండదు. బిడ్డ రొమ్మునే తాగుతున్నప్పుడు మధ్యలో పిండితే రెండువైపులా కలిపి 15 నుంచి 60 రావడం మామూలు సంగతి. బాగా తాగే బిడ్డ లాగినంతగా మామూలుగా మోటారు లాగదు కాబట్టి, సీసాలో తగ్గాయని రొమ్ములో తగ్గినట్టు కాదు. అంటే మొన్నటి 70 గొప్ప, దాన్నే రోజువారీ కోటాగా ఇంటిల్లిపాదీ ఖాయం చేసేశారు.

కడిగేటప్పుడు వాల్వును సబ్బునీళ్ళలో రెండు వేళ్ళ మధ్య రుద్దితే చాలు, బ్రష్షూ పుల్లా వద్దు. ట్యూబులో తేమ చేరితే గరాటు ఊడదీసి మోటారు ఉత్తినే కాసేపు నడిపిస్తే ఆరిపోతుంది. పిండిన పాలు 25 డిగ్రీలలోపు గదిలో నాలుగు గంటలుంటాయంటారు. మే నెల గుంటూర్లో 25 డిగ్రీలున్న గది ఏసీది ఒక్కటే, కాబట్టి వెంటనే ఫ్రిజ్జులో పెట్టడమే. తేదీ రాసి పెడితే నాలుగు రోజులు. కొత్త పాలు చల్లారాకే పాతవాటిలో కలపాలి. సీసా లోపలికి, వెనక గోడ వైపు నెట్టాలి, తలుపు అరల్లో పనికిరాదు. ఈ ఇంట్లో అయితే ఆ తలుపు గంటకు పదిసార్లు తెరుచుకుంటోంది, ఎంత చేరాయో చూడ్డానికి.